పంతులమ్మకీ ఒక పలక కావాలి

ఉద్యోగం చేసే ఆడవాళ్ళ గురించి రాసినప్పుడల్లా "మేం ఇంటిపట్టున ఉండేవాళ్ళం, మాకెందుకండీ ఇవన్నీ?" అని కొందరు అడుగుతుంటారు. ఈ వారం మా వదిన సంగతి రాస్తున్నాను. ఆవిడ పంతులమ్మ. అయినా చివరిదాకా చదవండి. ఇది మనందరి ఇళ్ళల్లోనూ ఉన్న గొడవే.

మొన్న సంక్రాంతికి మా పుట్టిల్లు రావికమతం వెళ్ళాను. వదిన ప్రాథమిక పాఠశాలల్లో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసి 2025లో రిటైరైంది. ఆ తరవాత వచ్చిన మొదటి సంక్రాంతి కదా, శాలువాలూ సన్మానం ఫోటోలూ చూపిస్తుందనుకున్నాను. ఆవిడ ట్రంకుపెట్టె అడుగు నుంచి అట్ట ఊడిపోయిన పాత నోటు పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది.

తెరిస్తే – చోళ్ళు, కూకో, తొంగో, అప్ప, గుంట, ఏటి... ఒక్కో మాటకీ ఎదురుగా అర్థం!

"ఇవన్నీ మా ఇంట్లో మాటలే కదా వదినా! వీటిని రాసుకోవడమేమిటి?" అన్నాను నవ్వుతూ.

"మీకవి ఇంట్లో మాటలు. నాకు పాఠాలమ్మా. టి.టి.సి.లో ఎవరూ చెప్పని ట్రైనింగు ఇదే" అంది.

వదిన వాళ్ళ నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగరీత్యా విశాఖపట్నం వచ్చి స్థిరపడ్డారు. ఆవిడ పట్నంలో పెరిగింది. 1987లో ఉద్యోగం వచ్చి, మా వైపు కొండల దగ్గర ఒక చిన్న ఊళ్ళో చేరింది. ఒకే గది, ఒక వరండా, అయిదు తరగతులు, ఒక్కతే టీచరు. పిల్లలు నోరు తెరిస్తే చాలు దిద్దేదిట. "ఏటి కాదు, ఏమిటి అనాలి." "కూకో కాదు, కూర్చో." మంచి ఉద్దేశంతోనే. పిల్లలు శుభ్రమైన తెలుగు నేర్చుకోవాలని.

రెండో తరగతిలో ఒక పిల్ల ఉండేదిట. మొదట్లో గలగలా మాట్లాడేది. రెండు నెలలు తిరిగేసరికి అడిగినదానికి తలూపడం తప్ప నోరు విప్పడం మానేసింది. దసరా సెలవుల తరవాత బడికే రాలేదు. ఏం జరిగిందోనని వదిన వాళ్ళింటికి వెళ్ళింది. పిల్ల గుమ్మం వెనక దాక్కుంది. వాళ్ళ మామ్మ బయటికొచ్చి, "ఏటమ్మా, మా గుంట మాటాడితే తప్పంతన్నారట? ఇంట్లో అందరం ఇలాగే కదా మాటాడతాం. మేమందరం తప్పేనేటి?" అని అడిగిందిట.

ఆవిడ కోపంగా అడగలేదట. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. అందుకే మరీ గుచ్చుకుందంటుంది వదిన. ఆ రాత్రి అన్నం సయించలేదట.

తరవాత ఏం చేసిందో వినండి. ఆ పిల్లని బతిమాలి తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. పుస్తకంలో 'రాగులు' అన్న మాట వచ్చింది. పిల్లలెవరికీ అర్థం కాలేదు. రోజూ పొద్దున్నే తాగొచ్చేది ఆ అంబలే, కానీ వాళ్ళకి తెలిసినవి చోళ్ళు! ఆ మాట వదినకి తెలియదు. "చోళ్ళంటే ఏమిటే, నాకు చెప్పవూ?" అంది. పంతులమ్మకి తెలియనిది తనకి తెలుసని ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి చూసిందట. అయినా వెంటనే చెప్పలేదు. రోజూ ఏదో ఒకటి అడగ్గా అడగ్గా, నెల తిరిగాక నోరు విప్పింది. చోళ్ళు ఎప్పుడు జల్లుతారు, ఎలా విసురుతారు, అంబలి ఎలా కాస్తారు – అన్నీ చెప్పింది. ఆ సాయంత్రమే వదిన ఈ పుస్తకం కొంది. అప్పటినుంచి ముందు ఇంటి మాట, పక్కన పుస్తకం మాట. రెండూ నేర్పేది, ఒకటి కొట్టేసి ఇంకొకటి కాదు.

ఇది వింటుంటే నాకు గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొచ్చారు. ఆగస్టు 29, ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. వాడుక భాష కోసం పోరాడినవారిగా ఆయన అందరికీ తెలుసు. కానీ ఆయన ముందు బడిపంతులు. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, 1880లో, పదిహేడో ఏట, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష రాకపోతే వాళ్ళతో ఎలా మాట్లాడతామని, సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ ఆ భాష నేర్చుకున్నారు. వాళ్ళ భాషలో పుస్తకాలు రాసి, వాళ్ళ పిల్లల కోసం బడులు పెట్టారు.

ఇంకో సంగతి చూడండి. వాడుక భాష గొడవలోకి ఆయన దిగేటప్పటికి వయసు నలభై దాటింది. పాతికేళ్ళకి పైగా పాఠాలు చెప్పేశారు. "ఇన్నాళ్ళూ చెప్పిన పద్ధతి చాలదా?" అని కూర్చోలేదు. 1911లో ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్నాక కూడా ఊరుకోలేదు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. అప్పటికి ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు! మనం నలభై అయిదు దాటగానే "ఇంక నాకేం వస్తుందిలే" అంటున్నాం కదూ?

మళ్ళీ వదిన దగ్గరికొద్దాం. ముప్ఫై ఎనిమిదేళ్ళలో బడి ఎన్నిసార్లు మారిందనుకున్నారు! ఆపరేషన్ బ్లాక్ బోర్డు కింద రెండో టీచరు, కొత్త బోధన సామగ్రి వచ్చాయి. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ట్రైనింగులు వచ్చాయి. పిల్లలు చేసి నేర్చుకోవాలి, గుంపులుగా కూర్చోవాలి, చుట్టూ ఉన్న వస్తువులతోనే పాఠం చెప్పాలి, పిల్లలు చేసినవి గోడకి తగిలించాలి అన్నారు. "ఆటలాడించడానికా మాకు జీతం?" అని మొదట వదిన కూడా సణిగిందట. తీరా చింతపిక్కలతో తీసివేతలు చెప్పి చూస్తే, పలక మీద రాని లెక్క నేల మీద వచ్చేసింది. చెరకు ముక్కలతో కొలతలు, బెల్లం దిమ్మలతో తూకాలు! మా వైపు వీటికి కరువేముంది?

2003 నుంచి బడిలో మధ్యాహ్న భోజనం వచ్చింది. అన్నం సరిగ్గా ఉడికిందా లేదా చూడ్డం కూడా పంతులమ్మ పనే అయింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. కొట్టడమే కాదు, పిల్లల మనసు నొప్పించి వేధించడం కూడా నిషేధం. "నిజం చెప్పొద్దూ, బెత్తం లేకపోతే మొదటి ఏడాది చెయ్యి విరిగినట్టే ఉండేది. అల్లరి ఆపడం రాక గొంతు పోయేది. చివరికి గొంతు తగ్గిస్తే వాళ్ళూ తగ్గిస్తారని తెలిసింది" అంది.

అలాగని వచ్చిన ప్రతి కొత్తదానికీ తలూపే మనిషి కాదు. ఎక్కాలు వల్లె వేయించడం ఏనాడూ మానలేదు. ఏ పద్ధతి వచ్చినా ఆవిడ చూసేది ఒక్కటే – దీనివల్ల పిల్ల నోరు విప్పుతుందా, మూసుకుంటుందా? విప్పితే ఉంచేది. లేకపోతే తన పాత పద్ధతినే పక్కన నిలబెట్టేది.

అసలు పరీక్ష మాత్రం చివర్లో వచ్చింది. కరోనా వచ్చి 2020లో బడులు మూతబడ్డాయి. మళ్ళీ తెరిచేసరికి ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు! వదినకి అప్పటికి యాభై ఏడు దాటాయి. ఒకరోజు పాఠంలో 'వెజిటేబుల్' అని చదివిందట. ఒక కుర్రాడు లేచి "అలా కాదు టీచర్, వెజ్టబుల్ అనాలి. ఫోన్‌లో అలాగే అంది" అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వింది.

ఇంటికొచ్చి స్వచ్ఛంద పదవీ విరమణకి దరఖాస్తు రాసేసింది. మా అన్నయ్య "నీ ఇష్టం" అన్నాడు. సంతకం పెట్టకుండా దేవుడి గూట్లో పెట్టి పడుకుందిట, కానీ నిద్ర పడితేనా? గుమ్మం వెనక దాక్కున్న ఆ రెండో తరగతి పిల్లే కళ్ళముందు. "దానికి ఏడేళ్ళు. నేను తప్పన్నాక కూడా, నెల తరవాతైనా నోరు విప్పింది. నాకు యాభై ఏడు. ఒక్క నవ్వుకే పారిపోతున్నానా అనిపించింది" అంది వదిన.

మర్నాడు బడికి వెళ్ళి ఆ కుర్రాణ్ణే లేపి, ఆ మాట మూడుసార్లు చెప్పించుకుని, తెలుగు అక్షరాల్లో కాగితం మీద రాసుకుంది. ముందు వరసలో చిన్నపిల్ల ఒకతి తన పలక చాపి, "మీకూ పలక కావాలా టీచర్?" అందిట. "కావాలమ్మా, ఇలా తే" అంది వదిన. ఆ రోజునుంచి తెలుగు, లెక్కలు ఆవిడ చెప్పేది. ఇంగ్లీషు మాటలు అందరూ కలిసి నేర్చుకునేవారు.

అలాగని వదిన ఇప్పుడు దొరసానిలా ఇంగ్లీషు మాట్లాడుతుందనుకోకండి! అయిదో తరగతి పుస్తకం దాటి రాదని తనే చెబుతుంది. కానీ ఆ నోటు పుస్తకం చివర్లో మడత పెట్టిన కాగితం ఒకటి ఉంది. ఒక వైపు సంతకం లేని దరఖాస్తు. రెండో వైపు ఇంగ్లీషు మాటలు, తెలుగు అక్షరాల్లో.

"ఆ మొదటి పిల్ల ఏమైంది వదినా?" అని అడిగాను. అయిదో తరగతితో ఆగిపోయిందిట. పై బడి దూరమని ఇంట్లో వాళ్ళు పంపలేదు. ఎన్నిసార్లు వెళ్ళి చెప్పినా వినలేదట. ఆ మాట చెబుతూ వదిన పుస్తకం మూసేసింది. ఎన్ని నేర్చుకున్నా చెయ్యి దాటిపోయేవి కొన్ని ఉంటాయి కాబోలు.

ఇప్పుడు మన సంగతి. ఇంట్లో మనమూ పంతులమ్మలమే కదా! పిల్లో, మనవడో మాట తప్పుగా అంటే నలుగురిలో "అలా కాదు" అనకండి. మీరు జవాబిచ్చేటప్పుడు సరైన మాట వాడండి, చాలు. వాళ్ళే పట్టుకుంటారు. మీ అత్తగారి వైపు మాటో, పనిమనిషి మాటో కొత్తగా వినిపిస్తే నవ్వకండి. అర్థం అడగండి. ఫోన్‌లో డబ్బు పంపడం రాకపోతే కోడల్ని అడగడానికి మొహమాటం వద్దు. ఒకసారి చూపించి "నేను చేస్తాలెండి" అని లాక్కుంటే, "కాదు, నాచేత చేయించు" అనండి.

ఇంకొకటి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళే. సమావేశానికి పిలిస్తే "మగవాళ్ళు వెళ్తారులే" అనుకోకండి. వెళ్ళి కూర్చోండి. మీ పిల్లలు ఇంట్లో ఏ మాటలంటారో టీచరుకి చెప్పండి. కొత్తగా వచ్చిన టీచరైతే మరీ మంచిది.

బయల్దేరేముందు వదిన పాలు తోడుపెడుతోంది. "రిటైరయ్యావుగా, ఇంక హాయిగా కూర్చో" అన్నాను. "కూర్చోడమేమిటి, 'కూకో' అనవూ!" అని నవ్వింది. సాయంత్రం పక్కింటి పిల్లలు వస్తారట. ఈవిడ ఎక్కాలు చెబుతుంది, వాళ్ళు ఫోన్‌లో తెలుగు టైపు చెయ్యడం నేర్పుతున్నారు.

ఈ ఏడాది మీకంటే చిన్నవాళ్ళ దగ్గర మీరు కొత్తగా ఏం నేర్చుకున్నారో నాకు రాయండి. మీ ఊరి మాట ఒకటి, అర్థంతో సహా జతచేయడం మరిచిపోకండి. వదిన పుస్తకంలో ఇంకా ఖాళీ పేజీలున్నాయి.