నాందేడు దారి – రెండు రాష్ట్రముల టిక్కెట్లు

నిజామాబాదు విడిచిన రైలు బాసరయొద్ద గోదావరి దాటి, మరికొంతసేపటికే ధర్మాబాదు చేరును. ఇంతలోనే రాష్ట్రము మారినది. బండి దిగువారి మాట మాత్రము మారలేదు. ధర్మాబాదు, బిలోలి, దేగ్లూరు, కిన్వట్ తాలూకాలలో తెలుగు మాతృభాషగా గలవారు అనేకులు గలరు. వారి పెండ్లి సంబంధములును, బేరసారములును నేటికిని నిజామాబాదు, బోధను, ఆదిలాబాదులతోనే ముడివడియున్నవి.

ఈ దారి నిన్నటిది కాదు. నిజాము కాలమున 1900 ప్రాంతములో హైదరాబాదునుండి మన్మాడువఱకు మీటరుగేజి మార్గము పడుటతో నాందేడునకు రైలు వచ్చెను. 1956 నవంబరు 1వ తేదిన మరాఠ్వాడా జిల్లాలు బొంబాయి రాష్ట్రమునందును, 1960 మే 1వ తేదిన మహారాష్ట్రమునందును చేరినవి. పట్టాలు కదలలేదు. 2003లో ఏర్పడిన నాందేడు డివిజను సికిందరాబాదు కేంద్రముగాగల దక్షిణమధ్య రైల్వేలోనే యున్నది. దీనిని ముంబయి కేంద్రముగాగల మధ్య రైల్వేలో కలుపవలెనని మరాఠ్వాడాలో పలుమారు కోరుచున్నారు. ఆ కోరికను దురభిమానమని మేము త్రోసివేయజాలము. రాజధానితో సూటియైన సంబంధము కావలెననుట సహజమే. కాని హైదరాబాదు నాందేడునకు మున్నూరు కిలోమీటర్ల లోపుననే యున్నది; ముంబయి అంతకు రెట్టింపు దూరము. రోగిని వెంటబెట్టుకొని పోవువాడు దగ్గఱి యాసుపత్రినే వెదకును గాని, రాజధాని ఎక్కడనున్నదని విచారింపడు.

నాందేడు నగరమున పెద్ద పనులు జరుగలేదని ఎవరును అనజాలరు. 2008లో గురుగద్ది త్రిశతాబ్ది సందర్భమున రోడ్లు విశాలమయ్యెను, విమానాశ్రయము బాగుపడెను. 2017 ఏప్రిల్ 27వ తేదిన హైదరాబాదునకు విమానము ప్రారంభమై, కొన్ని యేండ్లకు ఆగిపోయి, పిమ్మట వేఱొక సంస్థ చేతిమీదుగా విమానములు మరల వచ్చినవి. అమృతసరమునుండి సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్సులో వచ్చు యాత్రికునకు ఈ వసతులు కావలసినవే. ఉదయమున ఉమ్రినుండి కూలికి వచ్చువానికి మాత్రము పాసింజరు బండియే విమానము. కోవిడ్ కాలమునుండి ఆ బండ్లకు ఎక్స్‌ప్రెస్ పేరు పెట్టి, పది రూపాయల కనీసపు ఛార్జీని ముప్పదికి పెంచిరి. 2024 ఫిబ్రవరిలోగాని అది తగ్గలేదు. ముద్ఖేడునుండి మేడ్చలువఱకు రెండవ లైను వేయుటకు కేంద్ర మంత్రివర్గము 2023 ఆగస్టులో సమ్మతించినది. అది పూర్తియగునప్పుడు ఎక్స్‌ప్రెస్సులకై పాసింజర్లను ప్రక్కన నిలువబెట్టు పద్ధతి తగ్గునా? మేము ముందుగా చూడగోరునది ఇదియే.

రోడ్డుమీది సంగతి మరింత విచిత్రము. 2023 మార్చి 17వ తేదినుండి మహారాష్ట్ర బస్సులలో స్త్రీలకు సగము ఛార్జీ. అదే సంవత్సరము డిసెంబరు 9వ తేదినుండి తెలంగాణ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము. రెండును మంచి పనులే. అయితే రెండును సరిహద్దువద్ద ఆగిపోవును. తెలంగాణములోని ఉచితము ఆ రాష్ట్ర నివాసినులకే. బోధనులోని తల్లి బిలోలిలోని బిడ్డను చూడబోయినచో సాలూరావఱకు డబ్బు లేదు, మంజీర దాటినది మొదలు టిక్కెట్టు. బిడ్డ పుట్టింటికి వచ్చుచో, మహారాష్ట్ర బస్సున మంజీరవఱకు సగము, అటుపై పూర్తి ఛార్జీ. తల్లికి లేని ఖర్చు బిడ్డకు ఏల? దేగ్లూరు పట్టణమునకు రైలే లేదు గనుక అచ్చటివారికి ఈ బస్సులే శరణ్యము.

ఒక ప్రభుత్వము రెండవదాని ప్రజలను తన ఖర్చుతో ఏల మోయవలెనని ఆర్థికశాఖవారు ప్రశ్నింపవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. అయినను, ఉభయ రాష్ట్రముల బస్సులు ఒకరి గడ్డపై మఱియొకరివి తిరుగుట ఇదివఱకే ఒడంబడికలమీద జరుగుచున్నది. ఆ ఒడంబడికలలోనే సరిహద్దునకు ఇరువైపుల ఇరువది, ముప్పది మైళ్ల మేరకు ఒకరి రాయితీని మఱియొకరు గుర్తించి, ఏడాదికొకమారు లెక్క తేల్చుకొనవచ్చును. బోధను–బిలోలి దారిలో ఆరు నెలలు నడిపి చూచినచో ఖర్చెంతయో తెలియును.