మా నానీ ఎక్కడి మనిషి?

'మీరు ఎక్కణ్ణుంచి వచ్చారు?' అని మమ్మల్ని అడగనివాళ్ళు లేరు. అద్దె ఇంటికోసం వెళ్తే అడుగుతారు. పత్రికాఫీసులో చాయ్ తాగుతూ అడుగుతారు. నాలుగు మాటలు తెలుగులో మాట్లాడితే, 'భలే మాట్లాడుతున్నారే, అసలు ముస్లింలా అనిపించరు' అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు మాకు చెంపదెబ్బలా తగులుతుందని సెక్యులర్ మిత్రులకు ఇప్పటికీ తెలీదు. ఇన్నాళ్ళూ మీరు అడిగారు, మేం నవ్వి ఊరుకున్నాం. ఇవాళ జవాబు చెప్తాం. మా నానీ సంగతి చెప్తాం.

మా నానీది నాందేడ్ జిల్లాలో ఒక పల్లె. నానా దర్జీ. ఊళ్ళో అన్ని కులాలవాళ్ళకూ బట్టలు కుట్టేవాడు. జాగీరు లేదు, ఇనాం లేదు, ఒక కుట్టుమిషను ఉంది. 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చింది. దాన్ని పోలీసు చర్య అన్నారు. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. ఆయన ప్యాలెస్ ఆయనకు మిగిలింది, రాజ్‌ప్రముఖ్ పదవి కూడా దక్కింది. మా నానాకు ప్రాణం మిగల్లేదు. అప్పుడు నానీకి పద్దెనిమిదేళ్ళు, ఒళ్ళో ఏడాది పాప. ఆ పాపే మా అమ్మీ. పక్కింటి మరాఠీ ముసలమ్మ వాళ్ళిద్దర్నీ రెండు రాత్రులు జొన్న చొప్ప వెనక దాచింది. మూడోరోజు తన చీర కట్టి, నుదుట కుంకుమ పెట్టి సాగనంపింది. కొంత నడిచి, కొంత ఎడ్లబండి మీద ధర్మాబాద్ చేరి, రైలెక్కి నానీ నిజామాబాద్‌లో దిగింది. చంపినవాళ్ళ పేర్లు నానీ ఎప్పుడూ చెప్పలేదు. కాపాడిన ముసలమ్మ పేరు మాత్రం ప్రతి దువాలో తలుచుకునేది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. నెహ్రూ పంపగా పండిత్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ ఊరూరా తిరిగి నివేదిక రాశారు. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్ళ అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటే ఎక్కువ నష్టపోయాయన్నారు. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. దశాబ్దాల తర్వాత గానీ అది పాఠకుల చేతికి రాలేదు. మన పాఠ్యపుస్తకాల్లో ఖాసిం రజ్వీకి చోటుంది. ఈ చావులకు ఎంత చోటిచ్చారు?

రజాకార్ల దుర్మార్గాల్ని మేం దాచిపెట్టం. వాళ్ళు పల్లెల మీద పడి చేసిన హత్యలు, దోపిడీలు నిజం. వాటిని ఖండించడానికి మాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ రజ్వీ శిక్ష ముగించుకుని 1957లో పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. ఇక్కడే ఉండిపోయిన దర్జీ పెళ్ళాన్ని ఇప్పటికీ ఆయన లెక్కకు జవాబు చెప్పమంటే ఎలా? సాయుధ పోరాటం గురించి గంటలకొద్దీ చెప్పగల వామపక్ష మిత్రులారా, ఆ చరిత్రలో మా నానాను ఏ పేజీలో రాశారు? మీ దృష్టిలో ముస్లిం అంటే నవాబో, రజాకారో. నిజాం నగల పెట్టెలో మా నానీ ముక్కుపుడక ఎప్పుడూ లేదు.

మావాళ్ళను కూడా వదిలిపెట్టం. పెద్దింటి బేగంలు మా నానీ దక్కనీలో మరాఠీ మాటలు విని 'దెహాతీ' అని నవ్వారు. గిన్నెలు తోమడానికి పిలిచారు, దస్తర్‌ఖాన్ మీదికి మాత్రం పిలవలేదు. ముస్లింలంతా ఒక్కటే అనే మాట నమాజు చాప దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుందని మాకు నేర్పింది నానీయే.

ఆమెకు తెలుగు నేర్పింది బళ్ళు కాదు, బీడీలు. పద్మశాలి ఆడవాళ్ళ పక్కన కూచుని తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టింది. 'ఏందవ్వా, ఆకు నానబెట్టినవా?' అని నిజామాబాద్ తెలుగులో అడిగేది. చాట ముందు అందరి నడుములూ ఒకేలా నొచ్చాయి, వేళ్ళు ఒకేలా కాయలు కాశాయి. బాగా రాలేదని బీడీలు తీసిపారేసేటప్పుడు సేటు ఎవరి మతమూ చూళ్ళేదు. ఆ కూలితో అమ్మీ చదివింది. అమ్మీ మమ్మల్ని చదివించింది. మేం ఈ తెలుగు రాస్తున్నామంటే ఆ చాట ముందు నుంచి వచ్చిందే.

ఇక 'వలస' సంగతి. 1948లో నాందేడ్, నిజామాబాద్ రెండూ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నాయి. మా నానీ ఒక జిల్లా నుంచి పక్క జిల్లాకు వచ్చింది, అంతే. 1956లో గీతలు గీసి నాందేడ్‌ను బొంబాయి రాష్ట్రంలో, నిజామాబాద్‌ను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఆ గీత గీసినప్పుడు ఆమె బీడీలు చుడుతూ ఉంది. అదే రోజుల్లో పక్క రాష్ట్రాల నుంచి వచ్చి పొలాలు కొన్నవాళ్ళను ఎవరూ ఎక్కడివాళ్ళని అడగలేదు. బీడీలు చుట్టినామెను మాత్రం చచ్చేదాకా అడిగారు.

చచ్చాక కూడా అడిగారు. 2019 డిసెంబర్‌లో మతాన్ని కొలబద్ద చేసి పౌరసత్వ చట్టాన్ని సవరించారు. అంతకు కొద్ది నెలల ముందే అస్సాం జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేకుండా పోయాయి. 2020లో జనాభా రిజిస్టర్ కోసం తయారైన ఫారంలో, మీ తల్లిదండ్రులు ఎక్కడ, ఎప్పుడు పుట్టారన్న ప్రశ్న ఉందని తెలిసింది. ఆ రాత్రి మేం నానీ ఇనప్పెట్టె తెరిచాం. రేషన్ కార్డులో ఆమె పేరు చివర 'బీ'. ఓటరు కార్డులో 'బేగం'. బీడీ కార్డులో ఆ 'బీ' ఇంటిపేరులా ముందుకొచ్చి కూచుంది. మూడు కార్డుల్లో మూడు వయసులు. అమ్మీ పుట్టిన కాగితం ఎక్కడా లేదు. పరుగెత్తే తల్లి చేతిలో బిడ్డ ఉంటుంది గానీ సర్టిఫికెట్ ఉంటుందా? కరోనాతో ఆ పని వాయిదా పడింది. మా భయం వాయిదా పడలేదు.

ప్రతి ఏడాదీ సెప్టెంబర్ 17న జెండా ఎగరేస్తారు. ఒకరు విమోచనమంటారు, ఒకరు విలీనమంటారు, ఒకరు సమైక్యత అంటారు. పేరు మీద కొట్లాడే మీలో ఎవరూ మా నానీని, ఆ రోజును నువ్వేమని పిలుస్తావని అడగలేదు. ఆమె దాన్ని 'భగ్‌దడ్' అనేది. పారిపోయిన రోజులని.

ఈసారి జెండా కింద నిలబడ్డప్పుడు, రజాకార్ల చేతిలో చచ్చినవాళ్ళతో పాటు నాందేడ్, బీదర్ పల్లెల్లో చచ్చినవాళ్ళనూ తలుచుకోండి. మా నానాను దాచలేకపోయినా నానీని దాచిన ఆ ముసలమ్మనూ తలుచుకోండి. ఆ తర్వాత మా దగ్గరికొచ్చి, మీరెక్కణ్ణుంచి వచ్చారని అడగండి. అప్పుడు కూచుని, చాయ్ పోసి మరీ చెప్తాం.