బోరుకు ముందు బడ్జెట్టు

నల్లగొండ, పాలమూరు చెల్కల్లో బోరు ఎండిన రైతు మొదట వెతికేది రిగ్గు బండిని, ఆ తర్వాత వడ్డీకిచ్చేవాడిని. ఈ రెండు గడపలూ ఊళ్లో అందరికీ తెలుసు. పంటకుంట ఎవరిని అడగాలో, డ్రిప్పుకు దరఖాస్తు ఎక్కడ పెట్టాలో చెప్పేవారే కరువు. నీటినీ మట్టినీ కాపాడే పథకాలు లేక కాదు, తలా ఒక ఆఫీసులో ఉండిపోవడం వల్లే ఈ అవస్థ.

డ్రిప్పు ఉద్యానశాఖది. తెలంగాణ నిబంధన ప్రకారం ఎస్సీ, ఎస్టీ రైతులకు నూరు శాతం, బీసీలకు, చిన్న సన్నకారు రైతులకు 90 శాతం, మిగతావారికి 80 శాతం రాయితీ. బత్తాయి తోటలున్న నల్లగొండకు ఇది చిన్న ఆసరా కాదు. పంటకుంట కావాలంటే ఉపాధి పనులు చూసే మండల ఆఫీసుకు పోవాలి. పంట రుణం బ్యాంకులోనో, సొసైటీలోనో. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఈ మాట ప్రతి బ్యాంకు గోడ మీదా పెద్దక్షరాల్లో ఉండాలి.

దారి చూపిన అనుభవం మన దగ్గరే ఉంది. 2003 తర్వాత కొన్నేళ్లు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే నడిపిన భూగర్భజల పథకం ఒకటి సాగింది. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) రెండూ అందులో ఉన్నాయి. రైతులు వాన ఎంత పడిందో రాసుకున్నారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో నీళ్లెన్ని, ఏ పంటకు ఎన్ని కావాలి అని నీటి బడ్జెట్టు వేసుకున్నారు. ఆ లెక్క చూసుకున్నాక వరి వేయాలా, ఆరుతడి పంటకు మళ్లాలా అన్నది ఎవరికి వారే తేల్చుకున్నారు, ఎవరి బలవంతమూ లేదు. నా దృష్టిలో రాయితీకన్నా ఇదే విలువైనది. లెక్క తెలిసిన రైతు తనకు కావాల్సింది కొత్త బోరా, డ్రిప్పా, కుంటా అన్నది తనే చెప్పగలడు.

ఆ లెక్కకూ పథకాలకూ ఇప్పుడు ముడి పడాలి. రైతులు కూర్చుని మాట్లాడుకోవడానికి రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. సీజనుకు ముందు ఒక్కరోజు ఉద్యానశాఖ, ఉపాధి సిబ్బంది, బ్యాంకు అధికారి అక్కడే కూర్చుని దరఖాస్తులు తీసుకుంటే రైతుకు ఎన్ని తిరుగుళ్లు తప్పుతాయి!

కౌలు రైతు గోస వేరు. పాసుబుక్కు పట్టాదారు పేరున, అప్పు కౌలుదారు నెత్తిన. వీరికి రుణ అర్హత కార్డులివ్వాలని 2011లోనే చట్టం చేశారు. తెలంగాణ వచ్చాక ఆ కార్డులు మూలనపడ్డాయి. కిసాన్ కార్డు నిబంధనల్లో నోటిమాట కౌలుదారుకూ చోటుంది, బ్యాంకు మెట్టెక్కితే మాత్రం పాసుబుక్కే అడుగుతారు. ఆ కార్డులు మళ్లీ ఇవ్వకుండా ఏ రుణ పథకమైనా కౌలు రైతు దాకా చేరదు.

రైతన్నలారా, కొత్త బోరుకు అడ్వాన్సు ఇచ్చే ముందు మీ వ్యవసాయ విస్తరణాధికారిని పట్టుకుని ఈ పథకాలన్నీ పేరుపేరునా అడగండి. చెప్పడం ఆయన బాధ్యత.