రెండోసారి పిలిస్తేనే వ్యాపారం

పండగ వస్తోందంటే కిటికీలు తుడవడం మన ఇళ్లలో పాత అలవాటే. మా అమ్మ పాత న్యూస్‌పేపరు ఉండగా నలిపి, నీళ్లలో ముంచి అద్దం తుడిచేది. ఆ చిట్కా ఇలాంటి పేజీల్లోనే ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. అయితే ఆ రోజుల్లో ఇంటికి అద్దాలెన్ని? చెక్క రెక్కలు, ఇనుప చువ్వలు, మహా అయితే హాల్లో రెండు అద్దాల కిటికీలు. ఇప్పుడు హైదరాబాద్‌లో మేముండే నిజాంపేట వైపు ఏ ఫ్లాటు చూసినా గోడలో సగం అద్దమే. పక్కన ఎప్పుడూ ఏదో ఒక బిల్డింగు లేస్తూనే ఉంటుంది కాబట్టి దుమ్ము సరేసరి. బోరు నీళ్ల మరకలు అదనం. స్టూలెక్కి తుడిచే తీరిక ఉద్యోగాలు చేసే ఆడవాళ్లకు లేదు. తీరిక ఉన్న నాలాంటి గృహిణులకు నడుము సహకరించదు. అలా కిటికీలు తుడవడమే ఒక పనైంది. ఆ పనిని నమ్ముకుని సొంతంగా బతుకుతున్న ఆడవాళ్లూ ఉన్నారు.

స్వయం ఉపాధి అనగానే మనందరికీ మొదట గుర్తొచ్చేది అప్పు. 2015 ఏప్రిల్‌లో ముద్రా పథకం వచ్చింది. హామీ లేకుండా శిశు కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు ఇస్తారు. తరుణ్ అప్పు సరిగా తీర్చినవాళ్లకు 20 లక్షల దాకా ఇస్తామని 2024 బడ్జెట్‌లో చెప్పారు. ఈ ఖాతాల్లో దాదాపు మూడింట రెండు వంతులు మహిళలవే. సంతోషించాల్సిందే. కానీ మా ఇంటి కిటికీలు తుడిచే అమ్మాయిని నాలుగేళ్లుగా చూస్తున్నాక నాకు తోచేది వేరు. ఆమె వ్యాపారం ఎన్నడూ డబ్బు లేక ఆగలేదు. ఒకసారి పిలిచినవాళ్లు మళ్లీ పిలవక ఆగింది. పిలవని వాళ్లలో మొదట నేనూ ఉన్నాను.

ఆమె అంతకుముందు ఒక ఆఫీసులో కాంట్రాక్టరు కింద హౌస్‌కీపింగ్ చేసేది. 2020 లాక్‌డౌన్‌లో ఆ పని పోయింది. అక్కడ నేర్చుకున్నది అద్దాలు తుడవడం. రబ్బరు వైపరు, రెండు బకెట్లు, మైక్రోఫైబరు గుడ్డలు, మూలలకు పాత టూత్‌బ్రష్‌లు, మడత నిచ్చెన... అన్నీ కలిపి ఆరు వేలు దాటలేదట. ఇక 50 వేల అప్పుతో ఆమె ఏం కొనాలి? ఇంకో ఎనిమిది నిచ్చెనలా?

మొదటిసారి వచ్చినప్పుడు మా ఎనిమిది కిటికీలకు వెయ్యి అడిగింది. నేను ఏడు వందలన్నాను. ఎనిమిది వందలకు తెగింది. ఆ సాయంత్రమే మాల్‌లో పిల్లాడి బూట్లకు రెండు వేల రెండొందలిచ్చి, కిక్కురుమనకుండా బిల్లు తీసుకుని వచ్చాను. ఆ సంగతి చాలా రోజుల తర్వాత గాని నాకు తట్టలేదు.

పని మాత్రం చూసి నేర్చుకోవలసినట్టుంది. ఎండ పడుతున్న అద్దం ముట్టుకోదు. నీళ్లు తుడిచేలోపే ఆరిపోయి చారలు పడతాయట. ముందు జాలీలు తీసి బాత్రూంలో కడిగి ఆరబెడుతుంది, తర్వాత కింది పట్టాల్లోని మట్టి, చివరకు అద్దం. బోరు నీళ్ల తెల్ల మరకలకు వెనిగరు కలిపిన నీళ్లు. కింద చలవరాయి ఉంటే దాని మీద గుడ్డ కప్పాకే, లేకపోతే ఆ పులుపు రాయిని తినేస్తుంది. నేను పొదుపు చేస్తున్నాననుకుని ఆర్‌వో మిషను వదిలేసిన నీళ్లు బకెట్టుతో తెచ్చిచ్చాను. "గవి నేల తుడవనీకి వాడుకో అక్కా. ఉప్పంతా గండ్లనే ఉంటది. అద్దానికి నువ్వు తాగే నీళ్లు ఒక చెంబు ఇయ్యి" అంది. సైన్సు పాఠం అనుకోండి.

ఇంత బాగా చేసినా నేను మళ్లీ పిలిచింది పది నెలల తర్వాత, దసరాకు. మీలో చాలామంది చేసేదీ అదే కదా? దసరాకు, సంక్రాంతికి, ఉగాదికి అందరం ఒకేసారి పిలుస్తాం. ఆ పది రోజుల్లో ఆమెకు తిండి తినే టైముండదు. మిగతా నెలల్లో ఫోను మోగదు. పండగకొచ్చిన డబ్బు పండగ తర్వాత అద్దెకూ, కిరాణా బాకీకీ పోతుంది. ఇలా ఎగుడుదిగుడుగా ఉన్న ఆదాయం మీద అప్పు తీసుకుంటే, పిలుపులు లేని నెలలో కూడా వాయిదా మాత్రం ఠంచనుగా వస్తుంది.

ఆమె చదివింది ఏడో తరగతి. కానీ ఒకరోజు మా డైనింగ్ టేబులు మీద చెప్పిన లెక్క వింటే మీరూ ఆశ్చర్యపోతారు. ఏడాదికోసారి పిలిచే ఇంట్లో పేరుకున్న మురికి వదలడానికి మూడు గంటలు. రానూపోనూ రెండు గంటలు. వెయ్యి ఇచ్చినా గంటకు 200. అదే ఇంటిని రెండు నెలలకోసారి తుడిస్తే గంటన్నర చాలు. ఆరు వందలు తీసుకుని, ఒకే బిల్డింగులో ఒకేరోజు మూడు ఇళ్లు చేస్తే నాలుగున్నర గంటల పని, రెండు గంటల ప్రయాణం, చేతికి 1,800. గంటకు 275 దాటుతుంది. ఇంటావిడకూ ఒక్కోసారికి నాలుగు వందలు తక్కువే. ఏడాది మొత్తం మీద మనం ఎక్కువ ఇస్తాం, కాదనను. కానీ ఏడాది పొడవునా అద్దంలోంచి బయట కనిపిస్తుంది.

ఇంగ్లండులో ఉన్న మా చెల్లెలికి ఫోన్లో ఈ సంగతి చెబితే నవ్వింది. అక్కడ కిటికీలు తుడిచే అతను నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ఎవరూ పిలవకుండానే వీధంతా తుడుచుకుంటూ పోతాడట. ఆ వరుస ఇళ్లను 'రౌండు' అంటారు. మానేసేటప్పుడు ఆ రౌండును డబ్బుకు అమ్ముకుంటారు కూడా. అంటే అక్కడ ఆస్తి అంటే బకెట్టూ నిచ్చెనా కాదు, మళ్లీ మళ్లీ తుడిపించుకునే ఇళ్లు.

మరి మన దగ్గర ఆ ఇళ్లు ఎవరి చేతిలో ఉన్నాయి? ఈ మధ్య చాలావరకు యాప్‌ల చేతిలోకి పోతున్నాయి. యాప్‌లో చేరితే మొదటి పిలుపులు త్వరగా వస్తాయి, నిజమే. డబ్బు ఎగ్గొట్టేవాళ్లూ తగ్గుతారు. కానీ రేటు కంపెనీ పెడుతుంది, ప్రతి పిలుపులో కొంత పట్టుకుంటుంది. రెండోసారి మనం పిలిచేది యాప్‌ను, ఆమెను కాదు. ఆమె ఎంత శుభ్రంగా తుడిచినా ఆ మంచిపేరు ఆమె రౌండుగా మారదు. మా అమ్మాయి ఏడు నెలలు అలా చేసి బయటికొచ్చేసింది. అందరూ రావాలని నేననను. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు అది మొదటి మెట్టు కావచ్చు.

చట్టం కూడా ఇక్కడ కొంచెం మెలికగా ఉంది. 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. యాప్ కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం, అదీ పనివాళ్లకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించకుండా, వాళ్ల సంక్షేమానికి కట్టాలన్నది అందులో ఉంది. మంచి మాట. కానీ సొంతంగా ఇళ్లు వెతుక్కునే మనిషి తరఫున వాటా కట్టడానికి ఏ కంపెనీ ఉంటుంది? ఆమె అసంఘటిత కార్మికురాలిగా ఈ-శ్రమ్‌లో పేరు రాయించుకోవచ్చు. నేనే దగ్గరుండి రాయించాను. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు పోయే ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా చేయించాను. ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తిగా వికలాంగురాలైనా 2 లక్షలు వస్తాయి. చిన్న వ్యాపారాల ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉచితమని తెలియక ఆమె ఒక నెట్ సెంటరులో 1,500 పోసి వచ్చింది. జీఎస్టీ కూడా కట్టాలని ఎవరో భయపెట్టారు. సేవలకైతే ఏడాదికి 20 లక్షలు దాటితేనే ఆ గొడవ. "ఇరవై లక్షలా!" అని పడీపడీ నవ్వింది.

బీమా మాట ఎందుకొచ్చిందో చెప్పాలి. మాది నాలుగో అంతస్తు. వంటింటి కిటికీ బయటి అద్దం లోపల్నుంచి అందదు. "సజ్జ మీద నిలబడితే అందుతుంది కదా" అన్నాను, ఏదో పెరట్లో నిలబడమన్నంత తేలిగ్గా. "నేను ఎక్కనక్కా. పడితే నా పిల్లలకు ఎవరున్నరు?" అంది. నిజం చెప్పొద్దూ, నాకు కోపం వచ్చింది. డబ్బిస్తున్నాను కదా అనిపించింది. ఆమె వెళ్లాక కిటికీలోంచి తల బయటపెట్టి కిందికి చూశాను. జానెడు సజ్జ, నాచు పట్టి ఉంది. కళ్లు తిరిగాయి.

మా పై అంతస్తులో ఇద్దరు మాత్రం ఆమెను మాన్పించారు. మూడొందలు తక్కువకే సజ్జ ఎక్కే కుర్రాణ్ని తెచ్చుకున్నారు. ఇంగ్లండులో ఎత్తున చేసే పనులకు 2005లో నిబంధనలు వచ్చాయి. ఎక్కకుండా కుదిరే పనికి అసలు ఎక్కకూడదన్నది అందులో మొదటి మాట. ఇప్పుడు అక్కడ చాలామంది నేల మీదే నిలబడి, ఖనిజాలు తీసేసిన నీళ్లు ఎక్కే పొడుగాటి కర్రతో పైఅంతస్తు అద్దాలు కడుగుతున్నారు. మన దగ్గర ఆ జాగ్రత్త నేరుగా ఆమె కూలిలోంచే కోతపడింది. రెండు ఇళ్లు పోయాయి. ఆ తర్వాత ఆమె ముడుచుకుని పొడిగించుకునే కర్ర కొని వైపరు బిగించుకుంది. లోపల్నుంచి చెయ్యి చాపి అందినంత తుడుస్తుంది. అందనిది వదిలేస్తుంది. ముందే చెబుతుంది.

వ్యాపారం పెరిగింది ఎలాగంటే, మెల్లగా. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైనప్పుడు (ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి) ఆమె దిల్‌సుఖ్‌నగర్ దాకా పిలుపులు ఒప్పుకుంది. టికెట్టు లేదు గాని, నిచ్చెనతో రద్దీ బస్సు ఎక్కి దిగేసరికే సగం పూట పోయేది. మూడు నెలల్లో మానుకుని, మా బిల్డింగుకూ పక్క వీధి బిల్డింగుకూ పరిమితమైంది. రెండింట్లో కలిపి ఇప్పుడు ఇరవై రెండు ఇళ్లు. ఇంటింటికీ తారీఖు రాసిన చిన్న నోటుబుక్కు ఉంది. పక్క బిల్డింగు వాచ్‌మన్‌కు మాత్రం ఇంటికి యాభై ముట్టజెప్పాలి, లేకపోతే గేటు దగ్గరే ఆలస్యం.

తోడికోడల్ని పనిలో పెట్టుకుంది. నేర్పింది, రోజుకు ఆరు వందలిచ్చింది. ఆరు నెలలకు ఆ తోడికోడలు మూడు ఇళ్లు పట్టుకుని విడిపోయింది. ఇంట్లో పెద్ద రభస. "నేను గూడ కాంట్రాక్టరు దగ్గరికెల్లి గట్లనే వచ్చిన కదక్కా" అని తనే సర్దుకుంది. ఇప్పుడున్న మనిషికి రోజుకూలి కాకుండా ఇంటి లెక్కన సగం ఇస్తోంది. ఇది నిలుస్తుందో లేదో చూడాలి.

మొన్న సంక్రాంతికి పది రోజుల ముందు అలవాటు కొద్దీ ఫోను చేశాను, పండగ కదా, ఒక్కసారి వచ్చి తుడిచి వెళ్లమని.

"డిసెంబర్ల చేసిన కదక్కా. నోటుబుక్కుల నీది ఫిబ్రవరి మొదటి మంగళవారం ఉంది. పండగని ఎగబడితే మిగిలినోళ్ల తారీఖులన్నీ గడబిడైతయి."

"పండగకు వంద ఎక్కువిస్తాలే" అన్నాను.

"వద్దక్కా" అని పెట్టేసింది. కొంచెం దుమ్ము పట్టిన కిటికీల ముందే గొబ్బెమ్మలు పెట్టుకున్నాం.