ఊరికి చెప్పని వేళ్ల సంగతి

హైదరాబాద్ మదీనాగూడలో మెయిన్ రోడ్డెక్కి పటాన్‌చెరు వైపు వెళితే, ట్రాఫిక్ లేని వేళ అరగంటలో ఇక్రిశాట్ వస్తుంది. 1972లో మొదలైన పంటల పరిశోధన సంస్థ. కంది, శనగ, వేరుశనగ వేళ్లలో బతికే బాక్టీరియా మీద అక్కడ దశాబ్దాలుగా పనిచేశారు. మన ఆఫీసు క్యాబులు తిరిగేదీ ఆ రోడ్డు మీదే. మన అపార్ట్‌మెంట్లలో ఎవరిని కదిపినా ఊళ్లో ఎకరమో రెండెకరాలో ఉందంటారు. మైక్రోబయాలజీ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాళ్లూ మనలో ఉన్నారు. అయినా ఆ విద్య మన ఊరి పొలం దాకా పోలేదు. తప్పు మనదే.

విత్తిన నెలన్నరకు వేరుశనగ మొక్కను తడినేలలోంచి మెల్లగా పెళ్లగించి చూడండి. వేళ్లకు ఆవగింజలంత బుడిపెలుంటాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల గులాబీ ఎరుపు. మన నెత్తురుకు రంగునిచ్చే హీమోగ్లోబిన్ కుటుంబానికే చెందిన లెగ్‌హీమోగ్లోబిన్ అది. లోపలి రైజోబియం అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తోందనడానికి అదే గుర్తు. బదులుగా మొక్క దానికి చక్కెర పెడుతుంది.

యూరియా వంటి ఎరువుల వల్ల నేలలో నత్రజని దండిగా ఉంటే పప్పుజాతి మొక్క బుడిపెలు కట్టడం తగ్గిస్తుంది. ఇది మనం చదివి పాసైన పాఠమే. కానీ నాన్న ఫోన్ చేసి యూరియా దొరకట్లేదంటే డబ్బు పంపి ఊరుకున్నాం. 2025 వానాకాలంలో తెలంగాణ రైతులు ఎరువుల కోసం చెప్పులు వరుసలో పెట్టి పడిగాపులు కాస్తే, ఆ వీడియోలు ఫార్వర్డ్ చేసి ప్రభుత్వాన్ని తిట్టాం. వరికీ మక్కకూ యూరియా కావాలి, కాదనను. కందికీ వేరుశనగకూ అంతెందుకని మనలో ఎవరం అడిగాం?

రైజోబియం లాంటి బాక్టీరియాను ప్యాకెట్లలో నింపి అమ్మే జీవన ఎరువులను 2006లో కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. పొడి రూపంలోని రైజోబియంలో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలుండాలి. ప్యాకెట్టు ఎండకు మగ్గితే అవి చచ్చిపోతాయి. అలా చచ్చిన పొడి వాడి, ఫలితం రాక, ఇదంతా మోసమని రైతు అంటే మనమూ తలూపాం. ఐస్‌క్రీం కరగకుండా నిమిషాల్లో గుమ్మానికి చేర్చే యాప్‌లు రాసింది ఈ ఐటీ కారిడార్‌లోని మనమే. మే ఎండలో ఈ ప్యాకెట్టు ఊరి దుకాణానికి బతికి చేరే దారి మాత్రం వెతకలేదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

తొలకరికి ముందు ఊరెళ్లేటప్పుడు మీ పంటకు సరిపడే రైజోబియం కొనండి, తేదీ చూసి, చల్లగా తీసుకెళ్లండి. చల్లార్చిన బెల్లం నీళ్లతో విత్తనానికి పట్టించి నీడన ఆరబెట్టించండి. శిలీంద్రనాశిని కలిపేదుంటే అది ముందు, ఇది చివర. విత్తాక ఒక మూలన కొంత చెలకకు పైపాటు యూరియా వేయకుండా వదలమని నాన్నను అడగండి. ఆయన వెంటనే ఒప్పుకోరు. ఊరెళ్లిన సాయంత్రం ఫోన్ పక్కన పెట్టి, కూర్చుని చెప్పండి.