కేప్ వెర్డె: పలుకు ఒకటి, పాఠము వేఱొకటి

ఆఫ్రికాఖండపు పశ్చిమతీరమునకు సుమారు 350 మైళ్ళ దూరమున, అట్లాంటిక్ మహాసముద్రమధ్యమున పది ద్వీపములు కలవు. వానికే కేప్ వెర్డె యని పేరు. 1460 ప్రాంతమున పోర్చుగీసు నావికులు చేరునాటికి అచట నరసంచారమే లేదు. ఉన్న జాతులను లోబఱచుకొనిన సామ్రాజ్యముల చరిత్రలు మన పాఠకు లెన్నియో చదివియుందురు. లేని జాతిని పుట్టించిన వలస కథ మాత్ర మరుదు.

1462లో శాంతియాగో ద్వీపమున రిబైరా గ్రాండె పట్టణము వెలసెను. ఉష్ణమండలమున ఐరోపావారు నెలకొల్పిన మొదటి పట్టణ మదియే. 1497లో వాస్కో డ గామా కళ్ళికోటకు వచ్చుచు ఈ ద్వీపముననే ఆగి నీరును కట్టెలును నింపుకొనెను. గినీ తీరమునుండి తెచ్చిన మనుష్యులను అచట నిలిపి, బాప్తిస్మమిచ్చి, నాలుగు పోర్చుగీసు మాటలు నేర్పి, సముద్రము దాటించి అమ్మెడివారు. మాటలు నేర్చినవానికి వెల హెచ్చు. ఆ విద్యాదానపు మర్మ మింతియే! బానిసలు అచటనే ప్రత్తి పండించి నీలిరంగు బట్టలు నేసిరి; ఆ బట్టలే గినీ తీరమున నాణెమువలె చెల్లెను. ఒక బానిస నేసిన బట్ట మఱియొక బానిసకు వెల యాయెను. ఆ పట్టణమును 1585లో డ్రేకును, 1712లో ఫ్రెంచివారును కొల్లగొట్టిరి. 1770లో రాజధాని ప్రాయియాకు తరలిపోయెను. నేడు ఆ శిథిలములు ప్రపంచవారసత్వ స్థలములు. బానిసలను కట్టి కొట్టిన రాతిస్తంభము మాత్రము నడివీథిని ఇంకను నిలిచియున్నది.

ఆ సంతలో, ఆ మగ్గములయొద్ద, పలుజాతుల ఆఫ్రికావారును పోర్చుగీసువారును కలిసి మాటలాడుకొనగా పుట్టినదే క్రియోలు భాష. అందు మాటలు హెచ్చుగా పోర్చుగీసువి. వానిని కూర్చిన తీరు వేఱు. నేడు ఆ ద్వీపవాసుల తల్లిభాష అదియే.

19వ శతాబ్దమున పొగయోడల కాలము వచ్చెను. సావింసెంతె ద్వీపమున మిండెలో రేవు ఆంగ్ల కంపెనీల బొగ్గుగిడ్డంగులతో నిండెను. బొగ్గుతోపాటు ఆ రేవు క్షీణించిన పిదప, 1936లో అచటి రచయితలు క్లారిదాదె యను పత్రికను స్థాపించి, మొదటి సంచికలోనే క్రియోలు పాటకు చోటిచ్చిరి. అప్పటికి అది సాహసమే. 1940 తరువాతి క్షామములలో వేలకొలది జనులు ఆకలితో చచ్చుచుండగా, మిగిలినవారిని సావొతొమె ద్వీపపు కోకో తోటలకు కూలికి పంపిన ప్రభుత్వ మది.

స్వాతంత్ర్యనాయకుడు అమిల్కార్ కబ్రాల్ 1973 జనవరిలో హతుడాయెను. 1975 జూలై 5వ తేదీని ద్వీపములు స్వతంత్రములాయెను. పతాకము మాఱినది, రాజభాష మాఱలేదు. తల్లిభాషకు పోర్చుగీసుతో సమానస్థానము కల్పించుటకు వలయు పరిస్థితులు సమకూర్చవలెనని 1999లో రాజ్యాంగముననే వ్రాసికొనిరి. 2009లో లిపికి ప్రభుత్వాంగీకారమును లభించెను. అయినను తొలితరగతి బాలునికి అక్షరాభ్యాసము ఇంట వినని భాషలోనే జరుగుచున్నది.

శాంతియాగో పలుకు ప్రమాణమా, సావింసెంతె పలుకు ప్రమాణమా యని కొందఱి ఆక్షేపణ. ఈ భయము నిరాధారమని మేమనము; ఒక ద్వీపపు పెత్తనము మఱియొక ద్వీపము సహింపదు. కాని యే సీమ పలుకు ప్రమాణమను తగవు తెలుగువారికి క్రొత్తదా? అది నడుచుచుండగనే మన పిల్లలు తెలుగున ఓనమాలు దిద్దిరి. క్రియోలు వ్రాతకు తగదను వాదమును మేమసలే లెక్కింపము. సిజారియా ఎవోరా ఆ భాషలో పాడిన మోర్నా గీతములను లోకమంతయు వినినది; 2019లో యునెస్కో మోర్నాను మానవజాతి వారసత్వముగా చేర్చినది. వినుటకు తగిన భాష పలకపై వ్రాయుటకు తగకపోవునా? 1999లో వ్రాసికొనిన మాటకు గడు వెన్నడో ప్రాయియాలోని శాసనసభ చెప్పవలసియున్నది.