పుట్టుకతోనే రక్షణ లోపించిన పిల్లల తరఫున మా ప్రణాళిక

మేము రోగనిరోధక శక్తి లోపంతో పుట్టిన పిల్లల తల్లిదండ్రులం, వాళ్లకు వైద్యం చేసే డాక్టర్లం, నర్సులం. మాటిమాటికీ న్యుమోనియా, తగ్గని విరేచనాలు, ఏ మందుకూ పోని నోటిపూతతో నెలల బిడ్డ పోతే "రాత ఇంతే" అని ఊరుకునే రోజులు పోవాలి.

ఎముక మూలుగలో పుట్టిన కణాల్లో కొన్ని థైమస్‌లో తర్ఫీదు పొంది టి కణాలవుతాయి. బి కణాలు యాంటీబాడీలను తయారు చేస్తాయి. ఒక్క జన్యువు చెడినా ఈ వరస ఎక్కడో తెగవచ్చు. 1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ ఒక బాలుడి రక్తంలో యాంటీబాడీలుండే గామా గ్లోబ్యులిన్ లేదని గుర్తించి, దాన్ని బయటి నుంచి ఇచ్చారు. ఇప్పుడు ఇలాంటి లోపాలు 450కి పైగా తెలుసు. వాటిలో అతి తీవ్రమైనది స్కిడ్. టి కణాలు దాదాపు ఉండవు; చికిత్స అందని బిడ్డ రెండేళ్లు నిండేదాకా బతకడం అరుదు. అమెరికాలో మూడున్నర నెలల లోపే మూలుగ మార్పిడి చేసిన పిల్లల్లో పదింట తొమ్మిది మందికి పైగా బతికారు. అందుకే మాకు ప్రతి వారమూ విలువైనదే.

ఖరీదైన పరీక్షల కంటే ముందు మామూలు రక్తపరీక్షలో లింఫోసైట్ల సంఖ్య చూడండి. మైక్రోలీటరుకు 1500 అంటే పెద్దవాళ్లకు సరిపోతుంది, రెండు నెలల బిడ్డకు అది ప్రమాద సూచన. పెద్దల కొలతతో పోల్చి చూస్తే అదే "నార్మల్" అయిపోతుంది. పసివాళ్ల రిపోర్టు మీద పసివాళ్ల కొలతలే అచ్చు వేయాలి.

ఇంట్లో ఇదివరకే ఒక బిడ్డ ఇన్ఫెక్షన్లతో పోయి ఉంటే, తర్వాతి బిడ్డకు పురిట్లోనే బీసీజీ, పోలియో చుక్కలు వేయకుండా ఆగి పరీక్ష చేయాలి. బలహీనపరిచిన ఆ సజీవ క్రిములే ఈ పిల్లలకు జబ్బు తెచ్చిపెట్టగలవు. టీకాలకు మేము వ్యతిరేకం కాదు. చుట్టుపక్కల వాళ్లంతా వేయించుకుంటేనే మా పిల్లలకు భద్రత. మా ఇళ్లలో మాత్రం పోలియోకు చుక్కలు కాదు, ఇంజెక్షన్.

తల్లిని ఆడిపోసుకోవడం సహించం. కొన్ని రకాల్లో లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది; తల్లి ఆరోగ్యంగానే ఉన్నా కొడుక్కి జబ్బు రావచ్చు. మరికొన్ని రకాలు అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపం అందితేనే వస్తాయి, మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. ఆ సంగతి పెళ్లికి ముందే చెప్పాలి, బిడ్డ పోయాక దెప్పడానికి కాదు.

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద 50 లక్షల రూపాయల దాకా సాయానికి వీలుంది. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రితో కలిసి సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ ఆ సాయం అందించే కేంద్రాల్లో ఒకటి. పుట్టిన ఊరి డాక్టరే కుటుంబాన్ని అక్కడికి పంపాలి. యాంటీబాడీలు తయారు కాని పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి ఇమ్యునోగ్లోబ్యులిన్ జీవితాంతం కావాలి. బిడ్డ బరువుతో పాటే మోతాదూ ఖర్చూ పెరుగుతాయి. ఆ మందు ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ ఉచితంగా, ఒక్క విడత కూడా తప్పకుండా అందే దాకా మేము అడుగుతూనే ఉంటాం.